పాలమూరు, నల్లగొండ విశ్వవిద్యాలయముల ఉపకులపతులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

కృష్ణకు ఉత్తరమున నున్న ఈ చల్కనేలలలో కరెంటు మోటారు వచ్చిన నాటినుండి రైతు దానితో పడుచున్న పాట్లను దగ్గరనుండి చూచినవాడనగుటచేతను, చిరకాలము మోటారులు, ట్రాన్స్‌ఫార్మరుల వైండింగులతోనే పొట్ట పోసుకొన్నవాడనగుటచేతను, 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, 2008లో మహబూబునగరునందు పాలమూరు విశ్వవిద్యాలయమును వెలసినపుడు సంతోషించిన వేలమందిలో ఒకడనగుటచేతను, మీ ఇరువురను ఉద్దేశించి ఈ లేఖ వ్రాయుచున్నాను. నా కోరిక ఒక్కటే. అతిశీతల స్థితిలో పనిచేయు అతివాహక యంత్రములకు కావలసిన ఇన్సులేషను పదార్థములను పరీక్షించి, వానిని మెరుగుపరచుటకు పూనుకొను ఒక చిన్న ప్రయోగశాలను మీ రెండు విశ్వవిద్యాలయములును ఉమ్మడిగా స్థాపింపవలెను.

ఈ కోరిక విన్నవారికి కలుగు మొదటి సందేహము నే నెరుగనిది కాదు. త్రాగునీటికై, సాగునీటికై తరతరములు అలమటించిన జిల్లాలకు, సున్నకు దిగువన 269 డిగ్రీల చలిలో నడచు యంత్రములతో నేమి పని యని వారడుగుదురు. అయితే మనలను బాధించిన ఫ్లోరైడు నీటిని శుద్ధిచేయుటకు నాగపూరులోని నీరీ సంస్థవారు గత శతాబ్ది డెబ్బదులలో రూపొందించిన పద్ధతి, పటిక, సున్నము, బ్లీచింగు పొడి వంటి అంగడి సరకులతోనే జరుగునది, ప్రపంచ శాస్త్రగ్రంథములలో నేటికిని నల్లగొండ పేరుతోనే నిలిచియున్నది. మన బాధ ఒక పరిశోధనకు పేరు నీయగలిగినపుడు, మన చేతిపని మరియొక పరిశోధనకు ఆధారము కాగూడదా? నేను చెప్పబోవు విషయమున ఖరీదైన భాగములు ఇతరుల వద్ద నున్నవి; ఓర్పును, చేతి నైపుణ్యమును, సూక్ష్మదృష్టిని కోరు భాగము మాత్రము మనకు అందుబాటులో నున్నది.

అతివాహకతను గూర్చి మీకు చెప్పుట తగదు. కాని ఇది బహిరంగ లేఖ గావున, పాఠకులకొరకు రెండు మాటలు వ్రాయుదును. 1908లో హాలెండు దేశపు లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ హీలియము వాయువును తొలిసారి ద్రవముగ మార్చెను. 1911లో ఆ ద్రవములో పాదరసమును చల్లబరచి చూడగా, 4.2 కెల్విను వద్ద దాని విద్యుత్ నిరోధము హఠాత్తుగా మాయమయ్యెను. నిరోధము లేని తీగలో ప్రవాహమునకు నష్టము లేదు, వేడిమి లేదు. కావున వ్రేలంత కేబులులో వేల ఆంపియరులను పోనిచ్చి, ఇనుప అయస్కాంతములు కలనైనను అందుకొనలేని తీవ్రతగల క్షేత్రములను సృష్టింపవచ్చును. తలకు దెబ్బ తగిలినవాని మెదడును, నడుము పట్టినవాని వెన్నెముకను చూపు ఎం.ఆర్.ఐ. యంత్రపు గుహవంటి గొట్టము చుట్టును నయోబియము, టైటానియము కలిసిన అట్టి తీగయే ద్రవ హీలియములో మునిగి యుండును. 1986లో బెడ్‌నోర్జ్, ముల్లర్ అను శాస్త్రజ్ఞులు ఆక్సైడు పదార్థములలో అధికోష్ణ అతివాహకతను కనుగొనిన పిమ్మట, మరుసటి సంవత్సరమే 93 కెల్వినుల వద్ద పనిచేయు పదార్థము బయటపడినది. దానికి హీలియము అక్కరలేదు. 77 కెల్వినుల వద్ద మరుగు ద్రవ నత్రజని చాలును.

తీగను గూర్చి ఇంత కీర్తి గానము జరిగినది గాని, ఆ తీగకును, దాని ప్రక్క తీగకును నడుమ నిలిచి, ఒకదాని వోల్టేజిని మరియొకదానికి తగులనీయని పలుచని పొరను గూర్చి ఎవ్వరును పాటలు పాడలేదు. వైండింగు పనివాడు మాత్రము దాని విలువ నెరుగును. మోటారు కాలిపోయినదన్నప్పుడు కాలినది సామాన్యముగా రాగి కాదు. రాగిని కప్పిన ఎనామిలు, గాడిలో మడిచిపెట్టిన కాగితము, పైన పోసిన వార్నిషు. అతివాహక యంత్రములయందును కథ ఇదియే, కాని అక్కడ శత్రువు వేడి గాక చలి.

చలి చేయు మొదటి హాని సంకోచము. గది ఉష్ణోగ్రతనుండి ద్రవ హీలియపు ఉష్ణోగ్రతకు దిగునప్పుడు మీటరు పొడవుగల రాగికడ్డి 3 మిల్లీమీటర్లకు కొంచెము మించి కురుచయగును. ఉక్కును దాదాపు అంతే. ఏమియు కలపని ఎపాక్సి రెజిను మాత్రము 11, 12 మిల్లీమీటర్లు ముడుచుకొనును. టెఫ్లాను అయినచో 20 మిల్లీమీటర్లు దాటును. రాగిని అంటిపెట్టుకొనిన రెజిను రాగికన్న మూడు నాలుగు రెట్లు ముడుచుకొనజూచును. రాగి దానిని ముడుచుకొననీయదు. అంతటి చలిలో సాగుగుణమును పోగొట్టుకొని గాజువలె పెళుసుబారిన రెజినుకు చీలుట తప్ప మరియొక దారి లేదు. దీనికి విరుగుడు మన ఊళ్ళలో మట్టిగోడ పెట్టువారికి ఎప్పుడో తెలిసినదే: వట్టి మట్టి ఆరినపుడు బీటలువారును, వరిగడ్డి కలిపి తొక్కిన మట్టి బీటలువారదు. రెజినులో గాజునార బట్టను పొదిగినచో, నార పోవు దిశలో సంకోచము రాగితో సరిసమానమునకు, ఇంకను తక్కువకు గూడ దిగివచ్చును. కాని నారకు అడ్డముగా, అనగా పొరల మందము దిశలో, అది మీటరుకు 7 మిల్లీమీటర్ల దాపున నిలిచియే యుండును. పొరలు ఊడిపోవుట ఇచ్చటనే మొదలగును. కాయిలు మూలలయందు నార చేరక రెజిను ఒక్కటే గుంటకట్టిన చోటులు మొట్టమొదట చిట్లును.

చిట్లిన నేమి, సన్నని బీటయే గదా యని అనుకొనరాదు. 4 కెల్వినుల వద్ద రాగి వంటి లోహముల ఉష్ణధారణశక్తి గది ఉష్ణోగ్రతవద్ద నున్నదానిలో కొన్ని వేలవ వంతుకు పడిపోవును. అంతటి చలిలో ఒక బీట విచ్చుకొనునప్పుడు వెలువడు అత్యల్పమైన శక్తియే ప్రక్కనున్న తీగను వేడెక్కించి అతివాహక స్థితినుండి తప్పించుటకు చాలును. ఒకచోట నిరోధము పుట్టినదా, వేల ఆంపియరుల ప్రవాహము ఆ చోటునే కుంపటిగా మార్చును; పరిసరపు తీగయంతయు వరుసగా మామూలు లోహమైపోవును. ఈ వృత్తిలోనివారు దీనిని క్వెంచి యందురు. అప్పుడు అయస్కాంతములో నిలువయున్న శక్తిని క్షణములలో బయటికి లాగివేయవలెను. లాగునప్పుడు కాయిలు చివరల మధ్య వోల్టేజి వందలనుండి వేల వోల్టులకు లేచును. దినములతరబడి ఏ భారమును లేక నిశ్చింతగా నున్న ఇన్సులేషనుకు అదే పరీక్షా సమయము. అదే క్షణమున ద్రవ హీలియము కుతకుత మరిగి వాయువగుచుండును. ఎచ్చటనో ఒక కారుట ఏర్పడి శూన్యపు గదిలోనికి ఆ వాయువు కొంచెము చొరబడెనేని, తక్కువ పీడనముగల హీలియము కొన్ని వందల వోల్టులకే తెగిపోయి మెరుపునకు త్రోవ యిచ్చును. గాలిలో పదివేల వోల్టులకు చెక్కుచెదరని కాయిలు, సూదిమొన యంత రంధ్రము పొరలో మిగిలిపోయినందున, అల్పపీడన హీలియములో ఓడిపోవుట యిట్లు సంభవించును. కావుననే పెద్ద యంత్రముల కాయిళ్ళను గాలిలో పరీక్షించి ఊరుకొనక, ఆ అల్పపీడన స్థితిని బుద్ధిపూర్వకముగ కల్పించి మరల పరీక్షింతురు. మన ప్రయోగశాలలలో విద్యార్థికి నేర్పవలసిన పాఠములలో నా దృష్టికి ఇది అన్నిటికన్న ముఖ్యమైనది. పదార్థము మంచిదో చెడ్డదో అది యుండు పరిసరములలోనే తేలవలెను.

జెనీవా వద్ద 27 కిలోమీటర్ల సొరంగములో నున్న మహాకణ త్వరణయంత్రమున 1232 ప్రధాన అయస్కాంతములు 1.9 కెల్వినుల వద్ద, సుమారు 11,850 ఆంపియరుల ప్రవాహముతో పనిచేయునట్లు నిర్మింపబడినవి. 2008 సెప్టెంబరు 19న అచ్చట రెండు అయస్కాంతముల నడుమ ఒక అతుకు వేడెక్కి, కరగి, విద్యుత్ మెరుపు లేచి హీలియపు పాత్రను తొలిచినది. సుమారు ఆరు టన్నుల హీలియము సొరంగము పాలయినది. యంత్రము తిరిగి నడచుటకు సంవత్సరము మించి పట్టినది. ఆ నాటి దోషము అతుకుది, ఇన్సులేషనుది కాదు. అయినను చలియంత్రములలో ఒక్క మెరుపు ఎంత పని చేయునో చూపుటకు అంతకన్న నిదర్శనము లేదు. ఆ యంత్రపు కేబుళ్ళకు చుట్టిన పాలిఇమైడు టేపులో మరియొక సూక్ష్మము కలదు. ఆ పొర విద్యుత్తును పోనీయరాదు, కాని తీగలో పుట్టిన వేడిని హీలియమునకు చేరవేయవలెను. కావున టేపు చుట్లనడుమ హీలియము ఇంకుటకు వీలగు సందులను ఉద్దేశపూర్వకముగ ఉంచిరి. ఒకదానిని ఆపి రెండవదానిని పోనిచ్చు పొరను తయారుచేయుటయే ఈ శాస్త్రపు అసలు చిక్కు. సామాన్యముగా విద్యుత్తును ఆపు పదార్థము వేడినిగూడ ఆపును. అల్యూమినా, బోరాన్ నైట్రైడు వంటి పొడులను రెజినులో కలిపినచో వేడి పోవును, సంకోచమును తగ్గును. కాని రెజిను చిక్కబడి కాయిలు సందులలోనికి ఇంకదు, ఇంకనిచోట బుడగలు మిగులును, బుడగయే మరల విద్యుత్తునకు ద్వారమగును. ఎంత పొడి, ఎంత నునుపు పొడి, ఏ వేడిలో కలుపవలెను, శూన్యములో ఎంతసేపు ఉంచవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములు సిద్ధాంతమున దొరకవు. నమూనాలు పోసి, చల్లబరచి, పగులగొట్టి చూచినవారికే అవి దొరకును.

నయోబియము, తగరము కలిసిన తీగలది వేరొక ఇబ్బంది. కాయిలు చుట్టిన తరువాత దానిని 650 డిగ్రీల సెంటీగ్రేడు దాపున దినములతరబడి కాల్చిన గాని ఆ తీగ అతివాహకము కాదు. ఆ వేడికి ఏ ప్లాస్టిక్కును ఆగదు. కావున గాజునార, అభ్రకము వంటి ఖనిజ పదార్థములనే ముందు చుట్టి, కాల్చి, పిమ్మట రెజినును ఇంకింతురు. జెనీవావారు తమ 11 టెస్లా అయస్కాంతపు కేబుళ్ళకు అభ్రకపు పట్టీని వాడిరి. అభ్రకమన్నచో తెలుగువారికి గూడూరు గుర్తు రావలెను. నెల్లూరు సీమ గనులలో త్రవ్విన అభ్రకము ఓడలెక్కి దేశాంతరములకు పోయినది. ముడిసరకును అమ్ముకొనిన మనము దానిపై పరిశోధనను అంత శ్రద్ధగా పెంచుకొనలేదని నా అభిప్రాయము. ఫ్రాన్సు దేశమున నిర్మాణములోనున్న ఐటర్ సంలీన యంత్రమున మామూలు ఎపాక్సి న్యూట్రాను తాకిడికి చెడునని తెలిసి, సయనేటు ఎస్టరును కలిపిన రెజినును ఎన్నుకొనిరి. ఆ యంత్రమంతటిని ఆవరించు క్రయోస్టాటు పాత్రను గుజరాతులోని హజీరాయందు మనవారే తయారుచేసి పంపిరి. పాత్ర చేయగల దేశము పొరను గూడ చేయగలదు.

అధికోష్ణ అతివాహకములలో సమస్య తలక్రిందులైనది. ఆ టేపులు పొరలపై పొరలుగ నుండి, అడ్డముగా లాగినచో తేలికగా ఊడివచ్చును. గట్టిగా అంటుకొని ముడుచుకొను ఎపాక్సియే వానిని చీల్చిన ఉదంతములు ఈ రంగమువారికి తెలియును. అక్కడ అంటుట ఎక్కువైనను ముప్పే, తక్కువైనను ముప్పే. కేబుళ్ళలోనైతే ద్రవ నత్రజనిలో నానిన కాగితపు పొరలు, పాలిప్రొపిలీను అద్దినవి, ఇన్సులేషను పని చేయును. ద్రవము చల్లగా, ఒత్తిడిలో ఉన్నంతసేపు మంచి బంధకము, బుడగ పుట్టిన మరుక్షణము కాదు. జర్మనీలోని ఎస్సెన్ నగరమున 2014లో ఇట్టి కేబులు ఒక కిలోమీటరు పొడవున, 10,000 వోల్టుల వద్ద 40 మెగావాట్లు మోయునట్లు వాడుకలోనికి వచ్చినది.

ఇక మన సంగతికి వత్తును. పై పరిశోధనలకు హీలియము కావలెను, హీలియమునకు కోట్లు కావలెనని మీరనవచ్చును. ఒక్క సంఖ్యను పరిశీలింపుడు. గది ఉష్ణోగ్రతనుండి 4 కెల్వినులవరకు రాగికిని, గాజునార ఎపాక్సికిని కలుగు మొత్తము సంకోచములో సుమారు పదింట తొమ్మిది వంతులు 77 కెల్వినులకు చేరుసరికే ముగియును. అనగా ద్రవ నత్రజనిలో ముంచి తీసినచో, సంకోచమువలన చీలబోవు నమూనాలు చాలవరకు అక్కడనే చీలిపోవును. అక్కడ నిలిచినవానిని మాత్రము ఏరి హీలియపు వసతిగల సంస్థలకు పంపవచ్చును. ఆ ద్రవ నత్రజని మన జిల్లాలకు క్రొత్త కాదు. పశువైద్యశాలలకును, గోపాలమిత్రల ఇండ్లకును, మేలుజాతి కోడెల ఘనీకృత వీర్యమును నిలువ చేయుటకు అది జాడీలలో ఏండ్లనుండి వచ్చుచునే యున్నది. మూత తీయగానే తెల్లని ఆవిరి అంచు పొర్లి నేలకు జారును; లోపల ఎంత మిగిలినదో చూచుటకు ఒక పుల్లను ముంచి తీసి, దానిపై పేరిన నూగుమంచు గీతను బట్టి లెక్క చెప్పుదురు. 77 కెల్వినుల ద్రవమును మోటారుసైకిలు మీద కట్టుకొని పల్లెలు తిరుగు మనుష్యులున్న జిల్లాలలో, విశ్వవిద్యాలయమునకు అది దుర్లభమని ఎట్లు ఒప్పుకొందును?

రెండవ సంపద వైండింగు దుకాణములు. దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, ఏ అంగడివీధిలోనైనను నాలుగడుగులు వేసినచో ఒకటి కనబడును. కాలిన తీగను ఊడబెరికి, స్టేటరు గాడులను గీకి శుభ్రపరచి, ఒక్కొక్క గాడిలో ఫిలిం కాగితమును మడతపెట్టి దించి, చుట్టలను ఒద్దికగా కూర్చి, పైన వెదురు చీలికను తోసి బిగించి, కొసలకు స్లీవులు తొడిగి, దారముతో కుట్టి, ఇన్సులేషనును కొలుచు మెగ్గరు పెట్టి చూచు పనివాని వ్రేళ్ళకు కాగితపు మడత ఎచ్చట నలిగినదో కన్నుకన్న ముందు తెలియును. "బాడీకి కొడుతున్నది" అని అతడు ఒక్కమాటలో తేల్చునది, గ్రంథభాషలో ఇన్సులేషను వైఫల్యమే. నమూనా కాయిళ్ళను దోషము లేక చుట్టుట ఈ పరిశోధనలో సగము పని. అట్టివారిని విశ్వవిద్యాలయములోనికి గౌరవముతో పిలిచి, వేతనమిచ్చి, పరిశోధక విద్యార్థుల ప్రక్కన కూర్చుండబెట్టుడని నా ప్రార్థన. పరిశోధనాపత్రములపై వారి పేర్లుగూడ ఉండవలెను.

రైతుల మోటారులు కాలిపోవుచుండగా అతివాహకములపై ధనము వ్యయించుట న్యాయమా యని మరియొక ప్రశ్న వచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నా సమాధానమిది. ఇన్సులేషనులో చిక్కిన బుడగను, అందులో జరుగు సూక్ష్మ విద్యుత్పాతమును, తేమను, పొరల ఊడుటను కొలుచు పరికరములు చలికొకటి, ఎండకొకటి లేవు. అతివాహక నమూనాను పరీక్షించు బల్లపైననే బోరుబావి మోటారు తీగను, ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాగితమును, నూనెను పరీక్షింపవచ్చును. 2020 అక్టోబరులో కల్వకుర్తి ఎత్తిపోతలకు చెందిన ఎల్లూరు పంపుహౌసు నీట మునిగినపుడు ఒక్కొక్కటి 30 మెగావాట్ల మోటారులు జలమయములైనవి; అట్టి మోటారును తిరిగి త్రిప్పుటకు ముందు దాని ఇన్సులేషను ఎంతవరకు ఆరినది, ఎంతవరకు బలముగ నున్నది అను ప్రశ్నయే అన్నిటికన్న పెద్దది. నాగార్జునసాగరము, జూరాల, శ్రీశైలము ఎడమగట్టు, దామరచర్ల యాదాద్రి కేంద్రము — ఇన్ని జనరేటరులు మన రెండు పాత జిల్లాలలో నున్నవి. ఎడమగట్టు భూగర్భ కేంద్రమున 2020 ఆగస్టు 20 రాత్రి అగ్నికి ఆహుతియైన తొమ్మండుగురను మనము మరువలేదు. విద్యుత్తును పుట్టించు చోట దానిని అదుపులో నుంచు పదార్థముల విద్యగూడ ఉండుట అవసరము.

స్వరూపమును గూర్చి క్లుప్తముగ మనవి చేయుదును. ఎపాక్సి పోతకు శూన్యపు పాత్ర, ఒక ఓవెను, ద్రవ నత్రజని పాత్రలు, అధిక వోల్టేజి పరీక్షాయంత్రము, సూక్ష్మ విద్యుత్పాతములను కనిపెట్టు పరికరము, సూక్ష్మదర్శిని — ఆరంభమునకు ఇవి చాలును. ఒకటే రెజినును వేర్వేరు పొడులతో, వేర్వేరు నారబట్టలతో పోసి, మరల మరల నత్రజనిలో ముంచి తీసి, ఎన్నవ మునుకలో ఎచ్చట చీలినదో వ్రాసిపెట్టు పట్టిక, ఓపికతో కొన్ని సంవత్సరములు సాగినచో, గాంధీనగరులోని ప్లాస్మా పరిశోధనా సంస్థకును, కలకత్తాలోని సైక్లోట్రాను కేంద్రమునకును, హైదరాబాదులోని పరిశ్రమలకును పనికివచ్చును. చీలినవానిని దాచక ప్రకటింపవలెను. ఈ రంగమున విఫలమైన నమూనా సఫలమైనదానికన్న ఎక్కువ నేర్పును. జాగ్రత్త విషయమున ఒక్కమాట: ఒక లీటరు ద్రవ నత్రజని ఆవిరియైనచో దాదాపు 700 లీటర్ల వాయువగును, మూసిన గదిలో అది ప్రాణవాయువును తరిమివేయును, మనిషికి వాసన తెలియదు, ఊపిరాడుటలేదను స్పృహయు కలుగదు. కావున గాలి ధారాళముగ ఆడు గదియు, ప్రాణవాయువు తగ్గినపుడు మ్రోగు గంటయు లేక ఒక్క చుక్క నత్రజనిని గూడ లోనికి రానీయకుడు.

మహాశయులారా, పెద్ద ప్రయోగశాలల వెంట పరుగెత్తి వారివలె అయస్కాంతములు చేయుమని మిమ్ము కోరుటలేదు. రాబోవు విద్యాసంవత్సరమునకు మీ రెండు విశ్వవిద్యాలయముల అధ్యాపకులతో ఒక సంయుక్త సంఘమును నియమించి, నల్లగొండయందు రెజిను తయారీ, పాలమూరునందు విద్యుత్ పరీక్ష అనునట్లు పనిని పంచుకొని, ప్రతి సంవత్సరము ఇద్దరేసి విద్యార్థులకు, ఇద్దరేసి వైండింగు పనివారికి స్థానము కల్పించి, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖకు సహాయము కోరుచు వ్రాయుడని ప్రార్థించుచున్నాను. సంఘమును నియమించిన దినమున కబురుపెట్టుడు; నా వద్దనున్న పాత మెగ్గరును, వైండింగు పుస్తకములను తెచ్చి అప్పగింతును.

ఇట్లు భవదీయుడు,
విద్యుత్ వృత్తిలోని ఒక పాలమూరు వాసి